పార్క్, ట్రైల్, పొలం: ఏ గ్రాంట్‌కి వెళ్లాలి, దేనికి వెళ్లకూడదు

అమెరికాలో సబ్‌డివిజన్ పక్కన ఖాళీగా పడి ఉన్న పదో పదిహేనో ఎకరాలు చూసి, ఇక్కడ పార్క్ వస్తే బాగుండు, కనీసం ఒక నడకదారీ పిల్లలు క్రికెట్ ఆడుకునే గ్రౌండూ వస్తే బాగుండు అనుకునేవాళ్లు మనలో చాలామంది. కొందరు అక్కడితో ఆగకుండా సిటీ కౌన్సిల్ మీటింగ్ దాకా వెళ్తారు, "బడ్జెట్ లేదు, గ్రాంట్ ఏదైనా దొరికితే చూద్దాం" అనే జవాబు విని వస్తారు. ఆ తర్వాత నెట్‌లో వెతికితే ఎల్‌డబ్ల్యూసీఎఫ్, ఆర్‌టీపీ, టీఏ, ఓఆర్‌ఎల్‌పీ అంటూ పొట్టి పేర్ల వరస ఒకటి కనిపిస్తుంది, అందరూ ముందు చూసేది దేంట్లో ఎక్కువ ఇస్తారు అని. నన్నడిగితే అది ఆఖరున చూడాల్సిన సంగతి. డబ్బు రెండు మూడేళ్లలో ఖర్చయిపోతుంది, దాంతోపాటు వచ్చిన షరతు మాత్రం ఆ భూమిని వదలదు, కొన్ని గ్రాంట్లలో అయితే శాశ్వతంగా. అందుకే ఇక్కడ పోలిక అంతా షరతుల వైపు నుంచే చేస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోవాలి. మీరూ నేనూ సొంత పేరు మీద వీటిలో దాదాపు దేనికీ అప్లై చేయలేం. సిటీ, కౌంటీ, టౌన్‌షిప్, పార్క్ డిస్ట్రిక్ట్, ట్రైబ్, కొన్నిటికి నాన్‌ప్రాఫిట్ లాండ్ ట్రస్టులు, వీళ్లే అర్హులు. ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) సొంత పార్క్‌కి రావు, ఎందుకంటే ప్రభుత్వం డబ్బు పెట్టిన చోట గేటు పెట్టి మా వాళ్లకే అంటే కుదరదు. కాబట్టి మీ పని అప్లికేషన్ రాయడం కన్నా, అప్లికేషన్ పెట్టేలా ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంట్‌ని ఒప్పించడం, వాళ్లకి చేతకాని భాగం (సర్వేలు, సంతకాలు, మీటింగులకి జనం) మీరు చేసి పెట్టడం.

ఎల్‌డబ్ల్యూసీఎఫ్: అందరూ చెప్పే పేరు, అందరూ చదవని షరతు

లాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ చట్టం 1964లో వచ్చింది. సముద్రంలో చమురు, గ్యాస్ తీసే కంపెనీలు కట్టే రాయల్టీల నుంచి దీనికి డబ్బు వస్తుంది, మన ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి కాదు. చాలా ఏళ్లు కాంగ్రెస్ ఈ డబ్బుని వేరే వాటికి మళ్లించేది, 2019లో ఫండ్‌కి శాశ్వత అనుమతి ఇచ్చారు, 2020లో గ్రేట్ అమెరికన్ ఔట్‌డోర్స్ యాక్ట్‌తో ఏటా 90 కోట్ల డాలర్లు తప్పనిసరి చేశారు. అందులో కనీసం 40 శాతం రాష్ట్రాలకి అందాలి. ఊళ్లకి వచ్చే భాగాన్ని నేషనల్ పార్క్ సర్వీస్ రాష్ట్రాల ద్వారా పంచుతుంది. ఖర్చులో సగం దాకా వాళ్లిస్తారు, సగం మనం పెట్టుకోవాలి. ఆ మన సగాన్నే మ్యాచ్ అంటారు.

దీంతో భూమి కొనొచ్చు, ప్లేగ్రౌండ్, ఆట మైదానం, పిక్నిక్ షెల్టర్, ట్రైల్, బోట్ దిగే చోటు కట్టొచ్చు. క్రికెట్ గ్రౌండ్ కూడా ఔట్‌డోర్ ఆటే కాబట్టి అభ్యంతరం ఉండదు. జిమ్, కమ్యూనిటీ సెంటర్ లాంటి నాలుగు గోడల మధ్య కట్టేవి కుదరవు. రోజువారీ మెయింటెనెన్స్‌కి పైసా ఇవ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. చట్టంలో 6(ఎఫ్)(3) అనే సెక్షన్ ఉంది. ఈ గ్రాంట్ తాకిన స్థలం ఎప్పటికీ జనం ఆరుబయట ఆడుకోవడానికే ఉండాలి, వేరే దేనికైనా వాడాలంటే ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి, అదీ అంతే విలువ ఉన్న, ఉపయోగంలోనూ చోటులోనూ సాటి వచ్చే ఇంకో స్థలం పార్క్‌గా ఇస్తేనే. ఇందులో చాలామందికి తట్టని విషయం ఏంటంటే, మీరు గ్రాంట్ తీసుకున్నది ఒక మూల ఉన్న ప్లేగ్రౌండ్ కోసమే అయినా మామూలుగా పార్క్ మొత్తం ఆ హద్దులోకి వస్తుంది. రెండు లక్షల డాలర్ల కోసం నలభై ఎకరాలకి శాశ్వతంగా ముడి పడినట్టే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మూల ఫైర్ స్టేషన్ కావాలన్నా, లైబ్రరీ కావాలన్నా, సెల్ టవర్‌కి లీజుకి ఇవ్వాలన్నా అప్పటి కౌన్సిల్ తల పట్టుకుంటుంది.

ఇది మంచిదా చెడ్డదా అంటే, ఎవరి వైపు నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి. పార్క్‌ని రేపు ఏదో ఒక కౌన్సిల్ బిల్డర్‌కి అమ్మేస్తుందేమోనన్న భయం మీకుంటే, ఇంతకన్నా గట్టి తాళం దొరకదు, అప్పుడు డబ్బు కోసం కాకపోయినా ఈ షరతు కోసమే దీనికి వెళ్లమంటాను. అదే స్థలంలో ఊరికి వేరే ప్లాన్లు ఉంటే మాత్రం ముందే ఆ ముక్కని హద్దు మ్యాప్ నుంచి బయట పెట్టమని అడగాలి, లేదా వేరే గ్రాంట్ చూసుకోవాలి. 1965 నుంచి ఈ ఫండ్ 45,000కు పైగా స్థానిక ప్రాజెక్టులకి డబ్బిచ్చింది, కాబట్టి మీ పక్కనున్న పార్క్‌కి ఈ ముడి ఇప్పటికే పడి ఉండే అవకాశం ఎక్కువే. అలా ఉంటే కొత్తగా పోయేదేమీ లేదు, హాయిగా మళ్లీ అప్లై చేయించండి.

ఇంకో చిన్న షరతు, మన వీకెండ్ లీగులు ఆడేవాళ్లకి పనికొచ్చేది: ఈ డబ్బు తీసుకున్న పార్క్‌లో ఊరివాళ్లకి ఒక ఫీజు, బయటివాళ్లకి ఒక ఫీజు పెట్టొచ్చు కానీ బయటివాళ్ల ఫీజు ఊరివాళ్ల దానికి రెండింతలు దాటకూడదు. పక్క ఊరి గ్రౌండ్‌లో మీ దగ్గర అంతకన్నా ఎక్కువ అడుగుతుంటే, ఆ పార్క్ చరిత్ర ఒకసారి కనుక్కోండి.

ఓఆర్‌ఎల్‌పీ, అంటే ఔట్‌డోర్ రిక్రియేషన్ లెగసీ పార్ట్‌నర్‌షిప్, ఇదే ఫండ్‌కి పట్టణాల తమ్ముడు, 2014లో మొదలైంది. పార్కులు తక్కువ, ఆదాయాలు తక్కువ ఉన్న నగర ప్రాంతాల కోసం. షరతులు దాదాపు అవే, మ్యాచ్ కూడా సగమే, తేడా ఏంటంటే పోటీ దేశమంతటితో, మొత్తాలు చాలా పెద్దవి (2023 రౌండ్‌లో ఒక ప్రాజెక్ట్‌కి కోటిన్నర డాలర్ల దాకా). ఖరీదైన సబర్బ్‌లో ఉండి దీనికి ఆశపడటం టైమ్ వేస్ట్.

ట్రైల్ అయితే: ఆర్‌టీపీనా, టీఏనా

ఇక్కడే ఎక్కువ మంది తికమక పడతారు, ఎందుకంటే రెండూ ఫెడరల్ హైవే డబ్బే, రెండిట్లోనూ మామూలుగా 80 శాతం వాళ్లది, 20 శాతం మనది. పైకి ఒకేలా కనిపించినా పని స్వభావం పూర్తిగా వేరు.

ఆర్‌టీపీ, అంటే రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రామ్, 1991లో వచ్చిన ఆలోచన. అడవి దారుల్లో ఏటీవీలు, మంచు మీద స్నోమొబైళ్లు నడిపేవాళ్లు కూడా పెట్రోల్ మీద ఫెడరల్ ట్యాక్స్ కడతారు కదా, వాళ్లు రోడ్డు వాడలేదు కాబట్టి ఆ డబ్బు ట్రైల్స్‌కే రావాలన్నది దాని లాజిక్. అందుకే రాష్ట్రానికి వచ్చిన దాంట్లో 30 శాతం మోటారు ట్రైల్స్‌కి, 30 శాతం మోటారు లేనివాటికి, 40 శాతం రకరకాల వాడకం ఉన్నవాటికి అని విడగొట్టారు. చిన్న కిటుకు: మీ ట్రైల్ కేవలం నడకకే అని రాస్తే 30 శాతం గుంపులో ఇరుక్కుంటారు, నడకతో పాటు సైకిలో గుర్రమో నిజంగా వెళ్లగలిగేలా డిజైన్ చేస్తే ఆ 40 శాతం గుంపులో కూడా పోటీ పడొచ్చు. నిజంగా అన్నాను, కాగితం మీద మాత్రమే రాసి దారిని మూడడుగులకి కుదిస్తే చూడటానికి వచ్చినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

ఆర్‌టీపీలో నాకు బాగా నచ్చేది, ఉన్న ట్రైల్‌ని బాగుచేయడానికి కూడా ఇస్తుంది. కొట్టుకుపోయిన వంతెన, కోసుకుపోయిన వాలు, ట్రైల్ పనికి కావలసిన మెషిన్లు, ట్రైల్ మొదట్లో పార్కింగ్, ఇవన్నీ అర్హమే. మొత్తాలు చిన్నవి, మామూలుగా రాష్ట్రాలు ఒక్కో ప్రాజెక్ట్‌కి సీలింగ్ పెడతాయి, కానీ వాలంటీర్ల గంటలకి విలువ కట్టి మ్యాచ్‌లో చూపించుకునే వీలు ఎక్కువగా ఉంటుంది. మ్యాచ్ కోసం నగదు లేని చిన్న గుంపులకి ఇదే సరైన మొదటి మెట్టు.

టీఏ, అంటే ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్, ఆ పేరులోనే ఉంది, ఇది రవాణా. ఇళ్ల నుంచి స్కూల్‌కి, స్టేషన్‌కి, షాపులకి కలిపే పక్కా దారి, మూతపడ్డ రైలు లైన్ మీద వేసే ట్రైల్, పిల్లలు నడిచి బడికి వెళ్లే దారులు, వీటికి. ప్లేగ్రౌండ్, ఆట మైదానం, పిక్నిక్ షెల్టర్ దీనికింద రావని ఫెడరల్ హైవే శాఖ మార్గదర్శకాలే చెబుతాయి. 2021 ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టంతో దీని వాటా బాగా పెరిగింది, అర్హుల జాబితాలో నాన్‌ప్రాఫిట్లనీ చేర్చారు. ఆ చట్టం గడువు 2026 సెప్టెంబర్ 30 దాకానే, కాబట్టి తర్వాతి రౌండ్ నియమాలు రాష్ట్ర రవాణా శాఖ (డీఓటీ) దగ్గరో, మీ ప్రాంత ప్లానింగ్ సంస్థ ఎంపీఓ దగ్గరో కనుక్కున్నాకే లెక్కలు వేయండి.

డబ్బు ఎక్కువ కదా అని అందరూ టీఏ వైపు పరిగెడతారు. ఆగండి. టీఏ ప్రాజెక్ట్‌ని చట్టం హైవే ప్రాజెక్ట్ లాగే చూస్తుంది, అంటే డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ప్రభుత్వం ఖరారు చేసిన కూలి రేట్లు, అమెరికాలో తయారైన స్టీలే వాడాలన్న నిబంధన, డీఓటీ స్టాండర్డ్ ప్లాన్లు, ఇన్‌స్పెక్షన్లు, అన్నీ వస్తాయి, ట్రైల్ హైవేకి మైలు దూరంలో ఉన్నా సరే. ఆర్‌టీపీని మాత్రం ఆ హైవే చూపు నుంచి మినహాయించారు, కూలి రేట్ల నిబంధన ఫెడరల్ సాయం ఉన్న హైవే స్థలంలో పడితేనే వర్తిస్తుంది. ఇంజనీరింగ్ సిబ్బంది లేని చిన్న టౌన్ లక్షన్నర డాలర్ల మట్టి ట్రైల్ కోసం టీఏకి వెళ్తే, కన్సల్టెంట్ ఫీజులకే సగం ప్రాణం పోతుంది. నా మాట: మట్టి, కంకర, అడవి అయితే ఆర్‌టీపీ. కాంక్రీట్, తారు, రోడ్డు దాటే సిగ్నల్, వంతెన, పది లక్షల డాలర్ల పైమాట అయితే టీఏ, అదీ డీఓటీతో ఇంతకుముందు పని చేసిన కౌంటీ మీ పక్కన ఉంటే.

రాష్ట్రం డబ్బు: తేలిక అనుకుంటారు, అన్నిచోట్లా కాదు

చాలా ప్రాజెక్టులకి నేను ముందు చూడమనేది ఇక్కడే. ఫెడరల్ పేపర్ వర్క్ ఉండదు, అధికారులు ఫోన్ ఎత్తుతారు. కానీ రాష్ట్రానికీ రాష్ట్రానికీ పొంతన ఉండదు. టెక్సాస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల స్థానిక పార్క్ గ్రాంట్లకి సగం మ్యాచ్ కావాలి. 2023లో అక్కడ ఓటర్లు ఆమోదించిన 100 కోట్ల డాలర్ల ఫండ్ సంగతి విని చాలామంది ఆశపడ్డారు, అది కొత్త స్టేట్ పార్కుల స్థలం కోసం, మీ ఊరి పార్క్ కోసం కాదు. నార్త్ కరోలైనాలో పార్ట్‌ఎఫ్ అని ఉంది, డాలర్‌కి డాలర్ మ్యాచ్. మసాచుసెట్స్‌లో 2000లో వచ్చిన కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్ కింద ఊరివాళ్లే ఓటేసి ప్రాపర్టీ ట్యాక్స్ మీద 3 శాతం దాకా సర్‌చార్జ్ వేసుకుంటారు, దానికి రాష్ట్రం కొంత కలుపుతుంది. ఆ డబ్బు పంచే కమిటీ మీ ఊళ్లోనే కూర్చుంటుంది, ఇంతకన్నా దగ్గర గ్రాంట్ ఉండదు.

కాలిఫోర్నియా సంగతి వేరే. అక్కడి స్టేట్‌వైడ్ పార్క్ ప్రోగ్రామ్‌కి 2018లో ఓటర్లు ఒప్పుకున్న ప్రపోజిషన్ 68 బాండ్ నుంచి డబ్బు వచ్చింది, మ్యాచ్ అక్కర్లేదు. కానీ వెయ్యి మందికి 3 ఎకరాల కన్నా తక్కువ పార్క్ ఉన్న చోట్లూ, ఆదాయం తక్కువ ఉన్న చోట్లూ ముందుంటాయి, డిజైన్ ఆ చుట్టుపక్కల జనం మీటింగుల్లో కూర్చుని తేల్చిందై ఉండాలి.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లు మాత్రం ఇది రెండుసార్లు చదవండి. అక్కడి గ్రీన్ ఏకర్స్ 1961 నుంచి ఉంది, మంచి పేరున్న ప్రోగ్రామ్, గ్రాంట్లూ తక్కువ వడ్డీ అప్పులూ ఇస్తుంది. కానీ ఆ డబ్బు ఒక్క పార్క్ కోసం తీసుకున్నా, ఆ రోజుకి టౌన్‌షిప్ చేతిలో పార్క్ పేరు మీద, కన్జర్వేషన్ పేరు మీద ఉన్న భూములన్నీ ఒక జాబితాలోకి ఎక్కుతాయి, వాటన్నిటికీ తాళం పడుతుంది. ఆ జాబితాని రోసీ అంటారు. ఫెడరల్ 6(ఎఫ్) పార్క్‌ని పట్టుకుంటే ఇది ఊరినే పట్టుకుంటుంది. బిల్డర్ల ఒత్తిడి ఉన్న చోట నాకిది వరంలాగే అనిపిస్తుంది, అయినా కౌన్సిల్ ఓటేసే ముందు ఆ జాబితా అందరూ చూసి ఉండాలి.

కట్టడం కాదు, కాపాడుకోవడం కావాలంటే

పొలం పొలంగా ఉండాలి, అడవి అడవిగా ఉండాలి అంటే రెండు దారులు. స్థలం పూర్తిగా కొనడం ఒకటి, యజమాని దగ్గర డెవలప్‌మెంట్ హక్కులు మాత్రం కొనడం రెండోది. రెండోదాన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. ఉదాహరణకి ఇళ్లు కట్టుకునే వీలుతో పొలం విలువ పది లక్షల డాలర్లు, ఆ వీలు తీసేస్తే ఆరు లక్షలు అనుకుందాం, ఈజ్‌మెంట్ విలువ నాలుగు లక్షలు. వ్యవసాయ శాఖ తన పొలాల ఈజ్‌మెంట్ ప్రోగ్రామ్ ఏసెప్-ఏఎల్ఈ కింద అందులో సగం దాకా, అంటే రెండు లక్షల దాకా ఇస్తుంది, మిగతాది లాండ్ ట్రస్టో కౌంటీయో తేవాలి, యజమాని కొంత వదులుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది. రైతు అక్కడే వ్యవసాయం చేసుకుంటాడు, అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు, ప్లాట్లు మాత్రం వేయలేడు. కానీ గుర్తుంచుకోండి, జనం నడవడానికి హక్కు ఇందులో రాదు. ట్రైల్ కావాలనుకునేవాళ్లు పొలం ఈజ్‌మెంట్‌కి మద్దతిచ్చి తర్వాత గేటు దగ్గర నిరాశపడటం మామూలే.

ఊరి పక్క అడవికి జనం వెళ్లి తిరగాలి అంటే ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల కమ్యూనిటీ ఫారెస్ట్ ప్రోగ్రామ్ చూడండి. 5 ఎకరాలకు తగ్గకూడదు, అందులో 75 శాతం చెట్లుండాలి, ఈజ్‌మెంట్ కుదరదు, పూర్తిగా కొనాల్సిందే, జనానికి తెరిచి ఉంచాల్సిందే. సగం మ్యాచ్. లాండ్ ట్రస్టులూ నేరుగా అప్లై చేయొచ్చు, అదే దీని బలం. అదే శాఖ ఫారెస్ట్ లెగసీ 75 శాతం దాకా ఇస్తుంది, అది రాష్ట్రం గుర్తించిన ప్రాంతాల్లో, ఎక్కువగా పెద్ద ప్రైవేటు అడవుల కోసం. పదిహేను ఎకరాలకి దాని జోలికి వెళ్లకండి.

ఇదే చోట ఒక హెచ్చరిక. ఈజ్‌మెంట్ పేరు చెప్పి, ఒక భాగస్వామ్యంలో డబ్బు పెట్టండి, పెట్టినదానికి నాలుగింతలు ట్యాక్స్ డిడక్షన్ వస్తుంది అని మన ఐటీ వాళ్లకి స్కీములు అమ్మేవాళ్లు ఉన్నారు. 2022 చివర్లో చట్టం మారింది, ఇలాంటి భాగస్వామ్యాల్లో డిడక్షన్ పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటితే, కొన్ని మినహాయింపులు తప్ప, మొత్తం కొట్టేస్తారు. సొంత భూమి మీద నిజాయితీగా ఈజ్‌మెంట్ దానం చేయడానికి మంచి ట్యాక్స్ లాభం ఉంది, అది ఇది కాదు.

ఒకదాంతో ఒకటి కలపడం

ఫెడరల్ డబ్బుకి ఫెడరల్ డబ్బు మ్యాచ్ కాదన్నది మామూలు నియమం, అందుకే రాష్ట్ర గ్రాంట్ విలువైనది, అది ఎల్‌డబ్ల్యూసీఎఫ్‌కి మన సగం అవుతుంది. మినహాయింపులు ఉన్నాయి: హౌసింగ్ శాఖ ఊళ్ల అభివృద్ధికి ఇచ్చే సీడీబీజీ డబ్బుని ఎల్‌డబ్ల్యూసీఎఫ్‌కి మ్యాచ్‌గా పెట్టొచ్చు, ఆర్‌టీపీకి వేరే ఫెడరల్ ఏజెన్సీ డబ్బు కలుపుకోవచ్చు. ఎవరైనా స్థలం దానం చేస్తే దాని అప్రైజల్ విలువ కూడా మ్యాచ్‌లోకి వస్తుంది, కాకపోతే దానపత్రం ముందే రాసేసుకుని తర్వాత అప్లై చేస్తే రాకపోవచ్చు. ఫెడరల్ గ్రాంట్లలో ఒప్పందం మీద సంతకం కాకముందు చేసిన పని, కొన్న స్థలం లెక్కలోకి రావు. యజమాని తొందరపెడుతుంటే ఎల్‌డబ్ల్యూసీఎఫ్‌లో ముందుగా కొనడానికి వెయివర్ అడిగే దారి ఉంది, చెక్ రాసే ముందు రాష్ట్ర అధికారితో మాట్లాడి అది చేతిలో పెట్టుకోవాలి.

ఇంకా ప్లానే లేదు, మ్యాప్ మీద గీత కూడా లేదు అనే దశలో ఉంటే ఏ గ్రాంటూ అడగకండి. నేషనల్ పార్క్ సర్వీస్‌లోనే ఆర్‌టీసీఏ అని ఒకటుంది, డబ్బివ్వరు, ప్లానర్‌ని ఇస్తారు. మీటింగులు నడపడం, దారి ఎటు పోవాలో తేల్చడం, ఎవరి భూమి మీదుగా పోతుందో కనుక్కోవడం వాళ్లే సాయం చేస్తారు. స్థానిక గుంపులు కూడా అడగొచ్చు. డబ్బు లేదు కదా అని దీన్ని తేలిగ్గా తీసేస్తారు, నిజానికి ఓడిపోయే అప్లికేషన్లలో చాలా వరకు ఓడేది ఈ పని జరగకే.

ఇక ఆఖరున డబ్బు సంగతి. పైన చెప్పిన, ఏదైనా కట్టడానికిచ్చే గ్రాంట్లలో చాలావాటికి ముందు చెక్ రాదు. ఊరు ఖర్చు పెట్టాలి, బిల్లులు పంపాలి, తర్వాత తిరిగి వస్తుంది. ఐదు లక్షల డాలర్ల ప్రాజెక్ట్‌కి 80 శాతం గ్రాంట్ వచ్చిందంటే లక్ష ఉంటే చాలని కాదు, బిల్లులు తిరిగొచ్చే దాకా ఐదు లక్షలూ తిప్పగలగాలి. అందుకే పార్క్స్ డైరెక్టర్‌ని కలిసిన వారంలోనే ఫైనాన్స్ ఆఫీసర్‌ని కూడా కలవండి, ఆ నెలల్లో డబ్బు ఏ ఖాతా నుంచి తీస్తారో ఆయన నోటి వెంట చెప్పించుకుని, దాన్ని కౌన్సిల్ తీర్మానంలో రాయించండి.